ఎవరు చేశారు, ఎందుకు చేశారు: మన కళల చరిత్రలో రెండు ప్రశ్నలు

మన ఊళ్లలో పెద్దవాళ్ల నోట ‘కళ’ అనే మాట అరుదుగా వినిపిస్తుంది. ఆట అంటారు, పాట అంటారు, పండగ అంటారు, గోడకు బొమ్మ వేయడం అంటారు. కళ, కళాకారుడు, కళాఖండం అనే మాటలు పుస్తకాల నుంచి, సభావేదికల నుంచి మనకు వచ్చాయి. మాట లేనంత మాత్రాన ఆ సంగతి మనకు లేదని కాదు. బతుకులోంచి విడదీసి చూపించేంత వేరుగా అది ఉండేది కాదు, అందుకే దానికి వేరే పేరు అవసరం రాలేదు.

గోవాడ మైదానంలోని ఊరు. చుట్టూ చెరకు తోటలు, సహకార చక్కెర కర్మాగారం, క్రషింగ్ సీజన్‌లో బారులు తీరే చెరకు బళ్లు. ఇక్కడి నుంచి చోడవరం, వడ్డాది, మాడుగుల మీదుగా వెళ్లి ఘాట్ ఎక్కితే పాడేరు. ఒకప్పుడు ఈ కిందా ఆ పైనా ఒకటే విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కొండ మీది పిల్లలు మాత్రం చదువు కోసం కిందికి దిగుతూనే ఉన్నారు. పెట్టెలో బట్టలు, పుస్తకాలు సర్దుకొని వస్తారు. ఆట, పాట, ఇంటి భాష మాత్రం కొండ మీదే వదిలి రావాలేమో అనుకుంటారు. హాస్టల్ పిల్లల మధ్య ఉండే మేం ఏళ్ల తరబడి చూస్తున్నది ఇదే.

“మేడం, థింసా వస్తే మార్కులు కలుస్తాయా? ఉద్యోగం వస్తుందా?” అని పిల్లలు అడుగుతుంటారు. అది తప్పు ప్రశ్న కాదు. పేదింటి పిల్ల ఏ పనికైనా ఫలితం ఏమిటని అడగాల్సిందే. ఆ ప్రశ్నకు “మన సంస్కృతి గొప్పది” అనే ఒక్క ముక్క జవాబు చాలదు. మన కళ ఇంతకాలం ఏం పని చేసింది, ఎక్కడ దెబ్బతింది, ఎవరి చేతుల్లో ఏమైంది అన్న చరిత్ర తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. ఆ చరిత్రను యువతీ యువకుల ముందు పెట్టడానికే ఈ వ్యాసం.

ఆట ఒక పని

థింసాతోనే మొదలుపెడదాం. అరకు, పాడేరు కొండల్లో పోర్జ, భగత, వాల్మీకి, ఖోండు, కోటియ తెగలవాళ్లు ఆడే ఆట ఇది. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి నడుము వెనుక ఒకరు చేతులు కలిపి వలయంగా కదులుతారు. బయటివాళ్లకు ఇదంతా ఒకటే ఆట. మనవాళ్లకు మాత్రం ఇందులో చాలా రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో సందర్భం.

బోడ థింసా ఊరి దేవత కోసం ఆడేది. పోతర్ తోల థింసాలో ఆకులు ఏరే పని కదలికగా మారుతుంది. భాగ్ థింసాలో పులి వచ్చినప్పుడు ఎలా తప్పించుకోవాలో ఉంటుంది: కొందరు చేతులు పట్టుకొని వలయం కడితే మిగిలినవాళ్లు లోపలికి దూరి పాములా చుట్టుకుంటారు. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటూ ఊగుతారు. నాటికారి థింసా ఒక్కరే ఆడేది, వాల్మీకులు దీపావళికి ఆడతారు. బాయ థింసా ఊరి దేవత పూనినప్పుడు గణాచారి ఆడేది.

ఈ పేర్లు గమనించండి. దేవత, ఆకు, పులి, పూనకం: ఊరు బతకడానికి కావలసినవి, ఊరు భయపడేవి అన్నీ ఇందులో ఉన్నాయి. పులి వస్తే ఒంటరిగా పారిపోకూడదు, వలయం విడవకూడదు అన్నది పదేళ్ల పిల్లకు ఉపన్యాసంగా చెబితే మరిచిపోతుంది. ఆటలో చేతులు పట్టుకొని పదిసార్లు తిరిగితే ఒంటికి పట్టేస్తుంది. బి.ఇడి.లో మాకు ‘చేస్తూ నేర్చుకోవడం’ అని ఒక పాఠం ఉండేది. ఆ పాఠం మన ఊళ్లలో ఎప్పటినుంచో నడుస్తూనే ఉంది.

ఇంకో సంగతి. థింసా వలయంలో ముందు వరుస, వెనుక వరుస ఉండవు. నడుము పట్టుకున్న చెయ్యి వదిలితే పక్కవాళ్ల అడుగు తప్పుతుంది. బాగా ఆడేవాళ్లు, అంతగా రానివాళ్లు కలిసే తిరగాలి. చైత్రంలో, విత్తనం చల్లే రోజులకు ముందు వచ్చే ఇటుకల పండగలో ఊరంతా ఇలా ఒక చోట చేరుతుంది. రేపు పొలంలో ఒకరికొకరు సాయపడాల్సినవాళ్లు ఈ రోజు ఒకే తాళానికి అడుగు వేస్తారు. మన సమాజంలో కళ మొదటి విలువ ఇదే: ఊరిని ఊరుగా కలిపి ఉంచే పని.

గోడ మీద పిలుపు

ఇప్పుడు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు కొండలకు వెళదాం. సీతంపేట పరిసరాల నుంచి ఒడిశా గంజాం, గజపతి, రాయగడ కొండల దాకా సవరలు ఉన్నారు. ఎర్రమట్టి పూసిన ఇంటి లోపలి గోడ మీద బియ్యప్పిండితో తెల్లని బొమ్మలు వేయడం వాళ్ల ఆచారం. చతురస్రంగా ఒక గీత గీస్తారు, అది ఇల్లు. దాని లోపల మనుషులు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్లు, సూర్యచంద్రులు. ఈ రోజుల్లో చీరల మీదా గోడ గడియారాల మీదా ‘సవర ఆర్ట్’ పేరుతో మనం చూసేది ఈ బొమ్మల నుంచి వచ్చిందే.

ఆ బొమ్మ ఇంటి అలంకారం కోసం పుట్టింది కాదు. ఇంట్లో జబ్బు వస్తే, పంట ఇంటికి వస్తే, చనిపోయిన పెద్దల్ని తలుచుకోవాల్సి వస్తే వేసేవారు. దేవతలకు, పెద్దలకు అది ఒక ఇల్లు, వచ్చి కూర్చోమని పిలుపు. పూజ లేకుండా బొమ్మ లేదు, అవసరం లేకుండా పూజ లేదు. పాత బొమ్మ మాసిపోతే బాధపడరు, అవసరం వచ్చినప్పుడు కొత్తది వేస్తారు. బొమ్మను దాచిపెట్టడం కంటే మళ్లీ వేయగల చెయ్యి ఊళ్లో ఉండటమే వాళ్లకు ముఖ్యం. దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి, ముందుకు వెళ్లేకొద్దీ ఇది పనికొస్తుంది.

బొమ్మలకు అలవాటుపడిన ఆ సమాజమే ఇరవయ్యో శతాబ్దంలో సొంత అక్షరాలు కూడా చేసుకుంది. 1936లో మాంగెయి గొమాంగో సవర భాషకు ‘సోరా సొంపెంగ్’ లిపిని రూపొందించారు. ఆ అక్షరాలనే దైవంగా కొలిచే ఆచారం అక్కడ ఏర్పడింది. 2012లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే ఫోన్‌లో రాసుకోవచ్చు. కొండ గోడ మీది గీత నుంచి ఫోన్ తెర మీది అక్షరం దాకా నడిచిన దారి ఇది, నడిచింది మనవాళ్లే.

అడవి మూసుకున్నప్పుడు

కళ ఒంటరిగా బతకదు. డప్పుకు తోలు కావాలి, కొమ్ముకు కొమ్ము కావాలి, మోరికి కర్ర కావాలి, పండగకు తీరిక కావాలి. ఇవన్నీ అడవితో, భూమితో ముడిపడి ఉన్నాయి. కాబట్టి మన కళల చరిత్ర మన భూమి చరిత్ర కూడా.

‘ఏజెన్సీ’ అని మనం రోజూ వాడే మాట 1839 నాటిది. ఆ ఏడాది బ్రిటిషువాళ్లు 24వ చట్టం తెచ్చి గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి వేరుచేసి, కలెక్టర్‌ను ప్రభుత్వ ‘ఏజెంట్’గా పెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవి సర్కారుది అయింది, పోడు నేరమైంది. గూడెం కొండల్లో రోడ్డు పనికి సరైన కూలి ఇవ్వకుండా మనవాళ్లను తిప్పలు పెట్టారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డ అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర దళం వెనుక ఈ బాధలన్నీ ఉన్నాయి. మనం పోరాటాన్ని పోరాటంగానే చదువుతాం. వేటకు వెళితే కేసు, కొమ్మ నరికితే జరిమానా అయిన ఆ రోజుల్లో వేట పండగ ఎలా జరిగి ఉంటుందో, కొత్త వాయిద్యం ఎలా చేసుకొని ఉంటారో కూడా ఒకసారి ఆలోచించాలి.

భూమి దెబ్బ ఒకటైతే, బజారు దెబ్బ ఇంకొకటి. గదబ స్త్రీలు అడవి మొక్కల నార తీసి, రంగులద్ది, చారల బట్ట నేసుకొనేవారు. దాన్ని కెరాంగ్ అంటారు. నార తీయడం, ఉడకబెట్టడం, వడకడం, నేయడం అన్నీ ఆడవాళ్ల చేతిపనే. సంతలోకి మిల్లు బట్ట చవగ్గా వచ్చింది. నార ఇచ్చే మొక్కలు ఉన్న అడవి దూరమైంది. నెలల తరబడి శ్రమపడి నేసే బట్ట ఎవరికి కావాలి? ఆ విద్య దాదాపుగా కనుమరుగయింది. అందుకు ఆ స్త్రీలను తప్పుపట్టలేం. మిల్లు బట్ట వాళ్ల భారం తగ్గించింది, అది మంచిదే. కాని ఆ మొక్క ఏది, ఆ రంగు ఎలా వచ్చేది, ఆ చారలకు అర్థం ఏమిటి అన్నవి రాసిపెట్టుకోకుండానే విద్య జారిపోవడమే మనకు నష్టం.

బయటివాళ్లు చూసిన తీరు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన గురించి పుస్తకాలు రావడం మొదలైంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశారు. మనుషుల ముక్కులు, తలలు కొలబద్దతో కొలిచిన కాలం అది. మన ఆభరణాలు, నాట్యాలు, పూజలు అందులో ఉన్నాయి. ఎక్కువగా ‘వాళ్లు ఇలా చేస్తారు’ అనే తీరులో ఉన్నాయి. ‘వాళ్లు’ అంటే ఒక తెగ మొత్తం. ఏ ఊరి మనిషి, ఏ పేరు గల మనిషి అన్నది చాలాచోట్ల ఉండదు.

అదే కాలంలో మరో రకం మనిషి కూడా ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులు. తెలుగు వాడుక భాష కోసం పోరాడినందుకు ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. సవర భాష నేర్చుకొని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టి, వాచకాలు రాసిన మనిషి కూడా ఆయనే అన్న సంగతి మన పిల్లల్లో చాలామందికి తెలియదు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. మన దగ్గర నేర్చుకున్నది మన పిల్లలకే తిరిగి ఇచ్చిన పంతులు ఆయన. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాలాంటివాళ్లకు ఆయన జీవితమే ఒక పాఠం. ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన హైమన్‌డార్ఫ్ కూడా 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలయ్యేలా చేశారు.

తరువాత వెరియర్ ఎల్విన్ వచ్చారు. 1951లో మధ్యభారత గిరిజన కళ మీద, 1955లో సవరల మతం మీద ఆయన పెద్ద పుస్తకాలు రాశారు. సవర గోడ బొమ్మలు ప్రపంచానికి తెలిసింది ముఖ్యంగా ఆ పుస్తకాల వల్లే. మెల్లగా మ్యూజియాలూ వచ్చాయి. అరకు లోయలో 1996లో పెట్టిన గిరిజన మ్యూజియం అందరికీ తెలిసిందే. మ్యూజియం వల్ల మేలు ఉంది. తాతమ్మ వాడిన గాజు, తాత ఊదిన కొమ్ము ఎలా ఉండేవో మనవరాలు చూడగలుగుతోంది. కాని మ్యూజియం ఏదైనా ఒక పరిమితి ఉంటుంది. అద్దం వెనుక కొమ్ము ఉంటుంది, ఊదేవాడు ఉండడు. కింద చీటీ మీద తెగ పేరు ఉంటుంది, చేసినవాడి పేరు అరుదు.

ఈ అలవాటు మ్యూజియాల దగ్గరే ఆగలేదు. మైదానంలో ఏ సభ జరిగినా మన పిల్లల చేత ఐదు నిమిషాలు థింసా ఆడిస్తారు. మైకులో “ఇప్పుడు గిరిజన నృత్యం” అని చెబుతారు. ఏ ఊరి పిల్లలు, ఏ థింసా, పాట ఎవరు నేర్పారు అన్నది చెప్పరు. చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు, తరువాతి కార్యక్రమం మొదలవుతుంది. పిల్లలు ఆనందిస్తారు, కాదనం. కాని ఆ ఐదు నిమిషాల్లో వలయం విప్పి, ప్రేక్షకుల వైపు మొహం తిప్పి, వరుసగా నిలబెట్టేశారు. లోపలికి చూసుకోవాల్సిన ఆట బయటికి చూసే ఆట అయింది.

పేరు నిలిచిన చోట ఏం జరిగింది

చేసిన మనిషి పేరు నిలబడితే కళ దారి ఎలా మారుతుందో మన దేశంలోనే ఉదాహరణలున్నాయి.

మహారాష్ట్ర ఠాణే వైపు వార్లీ తెగలో పెళ్లి ఇంట గోడ మీద బియ్యప్పిండితో బొమ్మ వేయడం ముత్తయిదువుల పని. జీవ్యా సోమా మషే అనే మనిషి పెళ్లితో పని లేకుండా రోజూ బొమ్మలు వేయడం మొదలుపెట్టారు, కాగితం మీద, గుడ్డ మీద వేశారు. వార్లీ పేరు దేశదేశాలకు వెళ్లింది. 2011లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పేరు ఒకరికి దక్కింది, దారి ఎందరికో దొరికింది. అయితే అంతకుముందు తరతరాలుగా గోడల మీద ఆ బొమ్మ వేసిన ఆడవాళ్ల పేర్లు మనకు దొరకవు. ఇదీ చరిత్రే.

మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ప్రధాన్ తెగవాడు. ప్రధాన్లు గోండుల వంశకథలు పాడేవాళ్లు. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయిస్తూ కథలు చెప్పే ప్రధాన్లు ఆ కోవవాళ్లే. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచిన రోజుల్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం జన్‌గఢ్‌ను గుర్తించింది. పాటలో ఉన్న దేవతలు ఆయన చేతిలో బొమ్మలయ్యారు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. ఈనాడు ఆ శైలిని ఆయన పేరుతోనే ‘జన్‌గఢ్ కలం’ అంటారు, ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. ఆయన మాత్రం 2001లో, ఇంటికి దూరంగా, జపాన్‌లో చనిపోయారు. పేరు వచ్చినంత మాత్రాన మనిషికి తోడు దొరికినట్టు కాదని కూడా ఆ జీవితం చెబుతుంది. కళాకారుణ్ణి ఊరు వదులుకోకూడదు, కళాకారుడూ ఊరిని వదులుకోకూడదు.

మనకు ఇంకా దగ్గరగా చూద్దాం. ఆసిఫాబాద్ జిల్లా మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. నెమలి ఈకల కిరీటం పెట్టుకొని రాజగోండులు దీపావళి రోజుల్లో దండారీ పండగకు ఆడే ఆట అది. ఆయన యువకులకు నేర్పుతూ ఉండేవారు, 2024లో కన్నుమూశారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క సారలమ్మలతో సహా కోయ వీరుల కథలు పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, ఆయన కూడా 2024లోనే వెళ్లిపోయారు. ఒకే ఏడాది ఇద్దరు పెద్దలు. బిరుదు గోడకు వేలాడుతుంది. గొంతులో ఉన్నది మాత్రం ఎవరైనా నేర్చుకొని ఉంటేనే మిగులుతుంది. సవర గోడ బొమ్మ గురించి పైన చెప్పుకున్నది ఇక్కడ గుర్తు తెచ్చుకోండి: మళ్లీ వేయగల చెయ్యి ఊళ్లో ఉండాలి.

కొండకు సాక్ష్యం

“ఇదంతా మనసుకు సంబంధించిన సంగతి, బతుకు దగ్గర ఎందుకు పనికొస్తుంది?” అని అడిగేవాళ్ల కోసం నియమగిరి గురించి చెప్పాలి. ఒడిశాలోని ఆ కొండల్లో డోంగ్రియా కొందులు ఉన్నారు. మన ఏజెన్సీలోని సామంతులు, ఖోండులు వాళ్లకు భాషలో, బంధుత్వంలో దగ్గరివాళ్లు. డోంగ్రియా ఆడపిల్లలు శాలువా మీద కుట్టే త్రికోణాలు, ఇంటి గోడ మీద వేసే త్రికోణాలు కొండలకు గుర్తు. కొండ మీద నియమరాజు ఉంటాడని వాళ్ల నమ్మకం.

ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకానికి ప్రయత్నాలు జరిగాయి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ తవ్వకం వల్ల గిరిజనుల మత, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలు కూర్చొని ఒప్పుకోమని తీర్మానించాయి. కొండ తవ్వకుండా మిగిలింది. అక్కడ పండగ, పాట, కుట్టుపని, పూజ అన్నీ కలిసి ‘ఈ కొండతో మా సంబంధం ఇది’ అని చెప్పే సాక్ష్యం అయ్యాయి. ఆ ఊళ్లవాళ్లు తమ దేవుడి పేరు, తమ పండగ వివరం మరిచిపోయి ఉంటే గ్రామసభలో ఏం చెప్పగలిగేవారు?

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో తమ ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకొనే అధికారం గ్రామసభది. రాజ్యాంగం 29వ అధికరణం సొంత భాష, లిపి, సంస్కృతి ఉన్న ఏ వర్గానికైనా వాటిని నిలుపుకొనే హక్కు ఇచ్చింది. చోడవరం మండలం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, ఇక్కడ పెసా వర్తించదు. అయినా 29వ అధికరణం ఎక్కడ ఉన్నా మనదే. కొండ దిగినంత మాత్రాన హక్కు దిగిపోదు.

అమ్మకం గురించి ఒక మాట

కళను అమ్ముకోవడం తప్పా అని కొందరు యువకులు మొహమాటపడతారు. తప్పు కాదు. మన జిల్లాలోని ఏటికొప్పాకను చూడండి. అడవిలో దొరికే అంకుడు కర్రతో, లక్కతో చేసే బొమ్మలవి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆదిలాబాద్ డోక్రా లోహపు బొమ్మలకు 2018లో వచ్చింది. ఈ గుర్తింపు ఉంటే వేరేచోట చేసినదాన్ని ఆ పేరుతో అమ్మడం కుదరదు. అయితే అది ఊరి పేరును, ప్రాంతం పేరును కాపాడుతుంది. చేసిన మనిషి పేరు అందులో ఉండదు, దాన్ని మనమే రాసుకోవాలి.

ఆట, పాట విషయంలోనూ ఒక హక్కు ఉంది. 1994లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రదర్శకుడి హక్కును గుర్తించింది. ఆడేవాళ్లను, పాడేవాళ్లను అడగకుండా రికార్డు చేసి వ్యాపారానికి వాడుకోవడానికి వీల్లేదు. మన అవ్వ పాడిన పాటను ఎవరో ఫోన్‌లో పట్టుకెళ్లి, ‘జానపదం’ అని పెట్టి, అవ్వ పేరు తీసేస్తే అడిగే హక్కు మనకుంది. అడగాలంటే ముందు మనకే ఆ అవ్వ పేరు తెలిసి ఉండాలి.

యువత చేయగల పనులు

ఈ సంచిక చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెద్ద పనులు అప్పగించడం లేదు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు చేయగలిగినవే చెబుతున్నాం.

ఒకటి: మీ ఊళ్లో పాడేవాళ్లు, వాయించేవాళ్లు, గోడ బొమ్మ వేసేవాళ్లు ఎవరున్నారో ఒక నోటుబుక్కులో రాయండి. పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో చేస్తారు అన్న నాలుగు సంగతులు చాలు. వాళ్ల అనుమతి అడిగి రాయండి.

రెండు: ఫోన్‌లో రికార్డు చేసేముందు వాళ్ల చేతే పేరు చెప్పించండి. “ఈ పాట పాడుతున్నది ఫలానా, ఈ ఊరు, ఈ పండగ పాట” అని మొదటే ఉంటే ఆ రికార్డు ఎన్ని చేతులు మారినా పేరు వెంటే ఉంటుంది. బయట పెట్టకూడని పూజ పాటలైతే రికార్డు చేయకండి. అన్నీ అందరికీ చూపించాల్సిన పని లేదు, దాచుకోవాల్సినవి దాచుకోవడం కూడా మన హక్కే.

మూడు: వేదిక మీద ఆడాల్సి వస్తే మైకు పట్టుకున్నవాళ్లకు ఒక చీటీ రాసివ్వండి: ఏ థింసా, ఏ ఊరిది, ఎవరు నేర్పారు. వీలైతే వలయంగానే ఆడతామని చెప్పండి. ఒప్పుకోకపోతే పోట్లాట అక్కర్లేదు, చీటీ మాత్రం మానకండి.

నాలుగు: చూడటంతో ఆగకండి, నేర్చుకోండి. ఒక్క పాట, ఒక్క అడుగు, ఒక్క వాయిద్యం చాలు. మీ తెగది మీకు రాకపోతే పక్క ఊరి పిల్లల దగ్గర నేర్చుకోండి. హాస్టల్లో ఒకే గదిలో భగత, కొండదొర, వాల్మీకి, కొందు పిల్లలు ఉంటారు. ఇన్ని ఊళ్ల అడుగులు ఒకచోట చేరే అవకాశం కొండ మీద కూడా దొరకదు.

ఐదు: సిగ్గుపడకండి. కింది ఊరి పిల్లలు నవ్వితే, ఆ ఆటలో ఏముందో చెప్పండి. భాగ్ థింసా అంటే ఏమిటో తెలిసిన పిల్ల ఎదుట ఎక్కువసేపు నవ్వడం ఎవరివల్లా కాదు.

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. థింసా వస్తే మార్కులు కలవకపోవచ్చు, ఉద్యోగం రాకపోవచ్చు. చదువు చదువే, దాన్ని మానొద్దు. కాని ఉద్యోగం వచ్చాక మీరు ఎవరని ఎవరైనా అడిగినప్పుడు చెప్పడానికి కుల ధ్రువపత్రం ఒక్కటే మిగలకూడదు. ఆ పత్రంలో తెగ పేరు ఉంటుంది. ఆ తెగ ఏం ఆడింది, ఎందుకు ఆడింది, ఎవరు నేర్పారు అన్నది అందులో ఉండదు, దాన్ని మీరే మోయాలి.

ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం వస్తుంది. 1994లో ఐక్యరాజ్యసమితి ఆ రోజును ప్రకటించింది. ఈసారి ఆ రోజు మీ ఊళ్లోనో, హాస్టల్లోనో, కాలేజీలోనో ఆట మొదలయ్యే ముందు, ఆ ఆట మీకు నేర్పిన మనిషి పేరు నలుగురికీ వినబడేలా చెప్పండి. ఆ తరువాత ఆడండి.